పాన్‌కేక్ బుడగ లెక్క

ఈ మధ్య ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "ప్యాకెట్ పిండి మానేసి మైదా, గుడ్డు, పాలు, బేకింగ్ పౌడర్ కొలుచుకుని ఇంట్లోనే పాన్‌కేక్‌లు చేస్తున్నానండీ. సరిగా పొంగడం లేదని ఈసారి బేకింగ్ పౌడర్ రెట్టింపు వేశాను. ముందుకన్నా చదునుగా వచ్చాయి, పైగా చేదు. ఎందుకిలా?"

కొలతలు ఏ వంటల పుస్తకంలోనైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా ధ్యాసంతా పిండిలోని బుడగ మీదే.

బేకింగ్ పౌడర్‌లో వంటసోడా ఉంటుంది, దానికి జోడీగా పొడి రూపంలో ఒక ఆమ్లం ఉంటుంది. డబ్బాలో ఉండగానే తేమ తగిలి రెండూ కలిసిపోకుండా కాస్త స్టార్చ్ కలుపుతారు. 1843లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్, తన భార్యకు ఈస్ట్ పడదని ఇలాంటి పొడిని తయారుచేశాడు. తడి తగిలితే చాలు, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఎంత పుడుతుందో లెక్క వేద్దాం. 84 గ్రాముల సోడా నుంచి గది వేడిలో సుమారు 24 లీటర్ల వాయువు వస్తుంది. ఒక కప్పు మైదాకి వేసే రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్‌లో ఉండే సోడా దాదాపు అర టీస్పూను, అంటే రెండు గ్రాముల పైచిలుకు. దాని నుంచి వచ్చే వాయువు 600 మిల్లీలీటర్లు దాటుతుంది. కలిపిన పిండి చూస్తే 400 మిల్లీలీటర్లు కూడా ఉండదు! వాయువుకు కొరతే లేదు. అది పిండిలో నిలవడమే కష్టం.

ఇక్కడే అసలు విషయం ఉంది. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు. బుడగ ఎంత చిన్నదైతే తలతన్యత (ద్రవం ఉపరితలాన్ని బిగించి ఉంచే లాగుడు) దాన్ని అంత గట్టిగా నొక్కుతుంది. వ్యాసార్థం సగమైతే లోపలి అదనపు పీడనం రెట్టింపవుతుంది. ఒక మైక్రోమీటరు వ్యాసార్థం ఉన్న బుడగను తెరిచి ఉంచాలంటే సుమారు ఒక వాతావరణ పీడనమంత అదనపు ఒత్తిడి కావాలి. అలాంటిది ఏమీ లేని చోట బుడగ మొదలవడం దాదాపు అసాధ్యం. అందుకే కార్బన్ డయాక్సైడ్ ముందు తడిలో కరిగి, గుడ్డు గిలకొట్టినప్పుడు, పిండి కలిపినప్పుడు లోపల చిక్కుకున్న గాలి బుడగల్లోకి చేరుతుంది. ఎన్ని బుడగలు ఉండాలన్నది గిన్నెలోనే తేలిపోతుంది. పౌడర్ వాటి సైజు మాత్రమే పెంచుతుంది.

పౌడర్ రెట్టింపు వేస్తే బుడగలు గిన్నెలో ఉండగానే లావెక్కుతాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పిండిలో బుడగ పైకి లేచే వేగం దాని వ్యాసార్థం వర్గాన్ని బట్టి ఉంటుంది. సైజు రెట్టింపైతే వేగం 4 రెట్లు. అవి పైకి వచ్చి పగిలిపోతే పెనం మీదికి చేరేది బుడగలు తగ్గిన పిండే. పౌడర్ తాలూకు లవణాలు మాత్రం ఎక్కడికీ పోవు. ఆ చేదు వాటిదే.

ఇప్పుడు పెనం మీద ఏం జరుగుతుందో చూద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇది. తడి పిండిలోని బుడగలో నీటి ఆవిరి కూడా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి పీడనం సుమారు 3 కిలోపాస్కల్స్, అంటే లెక్కలోకి రానంత. 60 డిగ్రీలకు అది 20, 80కి 47, 90కి 70. బయటి వాతావరణ పీడనం 101. అంటే 90 డిగ్రీల దగ్గర బుడగలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు పైగా ఆవిరే. బుడగలోకి కార్బన్ డయాక్సైడ్ అసలు చేరలేదని, గాలి, ఆవిరి మాత్రమే ఉన్నాయని అనుకున్నా 60 డిగ్రీలకు అది 1.35 రెట్లు అవుతుంది, 80కి 2.2 రెట్లు, 90కి 3.8 రెట్లు! పొంగులో పెద్ద భాగం చివరి కొద్ది డిగ్రీల్లోనే వస్తుందన్నమాట. తెల్లసొన నురగ వచ్చేలా గిలకొట్టి కలిపితే పౌడర్ లేకుండానే పాన్‌కేక్ లేచేది ఇందుకే. బడిలో వాయు నియమాలు చెప్పేటప్పుడు పిస్టన్ బొమ్మ గీస్తారు. ఒక్కరోజు పిల్లల్ని పొయ్యి దగ్గర నిలబెట్టి ఈ లెక్క చేయిస్తే ఆవిరి పీడనం అంటే ఏమిటో జన్మలో మర్చిపోరు.

బుడగ సాగుతున్న ఆ సమయంలోనే దాని గోడ గట్టిపడాలి. మైదాలోని స్టార్చ్ 60 డిగ్రీలు దాటాక నీరు పీల్చి ఉబ్బుతుంది. గుడ్డులోని ప్రోటీన్లు 60కీ 80కీ మధ్య గడ్డకడతాయి. గోడ ముందే బిగిస్తే బుడగ పెరగదు, ఆలస్యమైతే పగులుతుంది. మైదా వేశాక పిండిని తెగ కలిపితే ఇంకో ఇబ్బంది. మైదాలోని సాగే ప్రోటీన్ అయిన గ్లూటెన్ వలలా అల్లుకుని, రబ్బరులా బుడగను వెనక్కి లాగుతుంది. అందుకే గుడ్డును ఎంతైనా గిలకొట్టండి, మైదా పడ్డాక మాత్రం చేయి ఆపండి. చిన్న చిన్న ఉండలు మిగిలినా ఫర్వాలేదు, పెనం మీద చాలావరకు అవే కలిసిపోతాయి. పది నిమిషాలు పక్కన పెడితే గ్లూటెన్ సడలుతుంది.

మొదటి పాన్‌కేక్ ఎప్పుడూ పాడవుతుందని, అది అంతేనని చాలామంది నమ్ముతారు. అందులో రాత ఏమీ లేదు. పెనం అంతా ఒకేలా వేడెక్కకపోవడం, వెన్న అక్కడక్కడా మడుగు కట్టడం, ఈ రెండే కారణాలు. పెనాన్ని సన్నని సెగ మీద కాసేపు వదిలేసి, వెన్నను బట్టతో పలచగా పులిమితే మొదటిది కూడా చక్కగా వస్తుంది.

రంగు సంగతికి వస్తే, 1912లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ వివరించిన చర్య అది. ప్రోటీన్‌లోని అమైనో గుంపు (నైట్రోజన్ ఉన్న భాగం) చక్కెరతో కలవాలంటే దాని మీద అదనపు ప్రోటాన్ ఉండకూడదు. ఆమ్లం ఎక్కువైతే ప్రోటాన్ అంటుకుని చర్య మందగిస్తుంది, క్షారం ఆ ప్రోటాన్‌ను లాగేస్తుంది. పుల్లటి మజ్జిగతో కలిపిన పిండి సోడా వేయకపోతే పాలిపోయినట్టు ఉండేది అందుకే. సోడా మరీ ఎక్కువైతే లోపల ఉడక్కముందే పైన మాడుతుంది.

తిరగేయడానికి గడియారం అక్కర్లేదు, పైన పగిలే బుడగల్ని చూడండి. పగిలిన చోట పిండి జారి గుంట పూడిపోతుంటే లోపల స్టార్చ్ ఇంకా బిగియలేదు. గుంట తెరుచుకునే ఉంటే అట్లకాడ తీసుకోవచ్చు. తిరగేశాక నొక్కొద్దు, ఇంతసేపూ కట్టుకున్న గోడలన్నీ కూలిపోతాయి. రెండో వైపు మొదటి వైపులా ఒకే రంగులో ఎప్పటికీ రాదు. మొదట పోసింది జారే పిండి కాబట్టి పెనాన్ని అంతటా తాకింది. తిరగేసినప్పుడు గుంటల అంచులే పెనాన్ని తాకుతాయి. పళ్లెంలో వేసుకున్నాక చూడండి, ఆ వైపు ఎర్రటి మచ్చల మధ్య తెల్లగా మిగిలిన చుక్కలన్నీ పగిలిన బుడగలవే.