వరండా మీది నల్లపొడి

బుజ్జీ, చిన్నా,

సెలవుల్లో విశాఖ వన్‌టౌన్ వచ్చినప్పుడు వరండా గచ్చు మీద వేలితో గీసి, "తాతయ్యా, ఈ పొడి మండుతుందా?" అని అడిగారు. పోర్టు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చే బొగ్గుపొడి అది. "మండుతుందిరా" అని ఊరుకున్నాను. ఫ్యాక్టరీల్లో ఇన్నేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి, మీకు అంతకంటే సరిగా చెప్పాలి.

బొగ్గుగడ్డకి అగ్గిపుల్ల పెడితే అంటుకోదు. దాన్నే మెత్తగా నూరి గాల్లో ఎగరేస్తే ప్రతి రేణువు చుట్టూ గాలి చేరుతుంది. ఒక్క నిప్పురవ్వకి అన్నీ కలిసి భగ్గుమంటాయి. పరవాడ దగ్గర సింహాద్రి కరెంటు కేంద్రంలో బొగ్గును ఇలాగే పొడి చేసి బాయిలర్లలోకి ఊదుతారు. అదే మూసిన గదిలో జరిగితే గోడలు నిలవవు. పంచదార, గోధుమపిండి, అల్యూమినియం పొడి కూడా అంతే. ఇసుక, సిమెంటు మండవు.

2008 ఫిబ్రవరి 7న అమెరికాలో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీలో పంచదార పొడి పేలి 14 మంది చనిపోయారు. మొదటి పేలుడు ఒకచోటే జరిగింది. దాని అదురుకి నేల మీద, దూలాల మీద ఏళ్లుగా పేరుకున్న పొడి లేచి, వరసగా పేలుతూ పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. తుడిస్తే పోయే పొడి కదా అది!

ఇక కరెంటు సంగతి. నడిచే మోటారు వేడెక్కుతుంది. దాని మీద పొడి పేరుకుంటే రగ్గు కప్పినట్టే, వేడి బయటికి పోదు. అడుగు పొర మాడి, లోలోపలే రాజుకుంటుంది. స్విచ్చులోనైతే ప్రతిసారీ చిన్న మెరుపు పుడుతుంది.

ఒకచోట కేబుల్ తీసేశాక జంక్షన్ బాక్సు, అంటే వైర్లు కలిపే పెట్టె, దాని కంత మూయకుండా వదిలేశారు. మూత విప్పితే వైర్లు బిగించే టెర్మినళ్ల మీద వేలు మందాన పొడి, ఒక మూల నల్లగా మాడిపోయి ఉంది. నా చేతులు వణికాయి. ఆ కంతకి కావలసింది ఒక చిన్న ప్లగ్గు.

"ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టాం కదా" అంటారు చాలామంది. అంటే లోపల మంట పుట్టినా బయటికి రానివ్వని పెట్టె. గ్యాస్ కోసం పరీక్షించిన పెట్టె పొడికి కూడా పనికొస్తుందని అనుకోకూడదు. పొడి లోపలికి దూరకూడదు, పైభాగం మితిమీరి వేడెక్కకూడదు. ఆ సర్టిఫికెట్ వేరే ఉంటుంది. పొడి పుట్టే యంత్రాన్ని మూసి ఉంచాలని, పొడిని తీసేయాలని, నిప్పు దగ్గరికి రానివ్వకూడదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. అయినా ఎయిర్ పైపుతో ఊదేస్తుంటారు. ఊదితే పొడి పోదు, మబ్బులా లేస్తుంది.

మన వరండా పొడికి మాత్రం భయపడకండి. పల్చటి పొర, నాలుగు వైపులా గాలి. ఈసారి వచ్చినప్పుడు చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడుద్దాం.

మీ తాతయ్య