మీ ఆర్కిటైప్ ఏది? కొన్ని అపోహలు, వాస్తవాలు

భీమవరంలో సైకాలజిస్టుగా కౌన్సెలింగ్ చేస్తాను. ఆమధ్య ఒకమ్మాయి కూర్చుంటూనే ఫోను నా ముందు పెట్టింది (అడిగి, వివరాలు మార్చి రాస్తున్నాను). "నాది కేర్‌గివర్ ఆర్కిటైప్ అంట మేడం. అందుకే ఎవరికీ కాదని చెప్పలేను." కేర్‌గివర్ అంటే అందర్నీ సాకే మనిషి; ఆర్కిటైప్ అంటే మనుషులందరి మనసుల్లోనూ ఉంటుందని చెప్పే ఒక మూల అచ్చు. పది ప్రశ్నల క్విజ్ తేల్చేసిన సంగతి అది.

అపోహ: యుంగ్ మనుషుల్ని 12 ఆర్కిటైపులుగా విడగొట్టాడు.

లేదు. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ (1875–1961) ఈ మాట వాడటం 1919లో మొదలుపెట్టాడు. తల్లి, ఛాయ, మాయలమారి, జ్ఞాని అయిన ముసలాయన వంటివి చెప్పాడు గానీ ఇన్నే అని లెక్క కట్టలేదు. 12 లెక్క చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో కరోల్ పియర్సన్ రాతలతో వచ్చింది. ఆనక బ్రాండ్ల వాళ్లు పట్టుకున్నారు. సబ్బులమ్మడానికి బాగానే ఉంటుంది.

అపోహ: ఆర్కిటైప్ అంటే ఒక పాత్ర, ఒక బొమ్మ.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. యుంగ్ దృష్టిలో బొమ్మ వేరు, దాన్ని పుట్టించే అచ్చు వేరు. అచ్చు కంటికి కనబడదు. 1936లో ఒక వ్యాసంలో దాన్ని పాత నీటిదారితో పోల్చాడు: ఎండిపోయినా సరే, నీళ్లు ఎప్పుడైనా మళ్లీ ఆ దారే పట్టొచ్చు. గోదారి వశిష్ఠ పాయ పక్కన పెరిగినవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు.

'తల్లి' అన్న అచ్చులో సాకేదీ ఉంటుంది, మింగేదీ ఉంటుందన్నాడు. గోదారమ్మకు పసుపు కుంకుమలు వేసేదీ మనమే, 1986 వరద తలుచుకుని వణికేదీ మనమే. క్విజ్ ఆ అమ్మాయికి సాకే సగమే చూపించింది. మరి కోపమొస్తే ఏం చేస్తావని అడిగాను. చున్నీ కొస మెలిపెడుతూ చాలాసేపు కూర్చుంది. "అన్నం గిన్నె ఠంగుమని పెడతానండి."

అపోహ: ఛాయ అంటే మనలోని చెడు.

నాది కాదని మనం పక్కకు నెట్టేసిందంతా ఛాయే. ఆ గిన్నె చప్పుడు కూడా.

అపోహ: ఇది రోగ నిర్ధారణ.

డాక్టర్లు వాడే రోగాల పట్టికల్లో ఏ ఆర్కిటైపూ లేదు. ఇవి పుట్టుకతో వస్తాయన్న మాట మీదా తగువు తేలలేదు. కలల గురించి మాట్లాడేటప్పుడు నాకు పనికొస్తాయి, అంతే. డిప్రెషన్‌తో నెలల తరబడి నిద్రలేని మనిషికి 'నువ్వు గాయపడ్డ వీరుడివి' అని చెప్పి డబ్బులు పుచ్చుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ముందు సైకియాట్రిస్టుకు చూపించాలి కదా!

రెండోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఫోను బ్యాగులోంచి తీయలేదు. ఆదివారం పుట్టింటికి వెళ్తానని ఇంట్లో చెప్పేసిందట. అత్తగారేమన్నారని అడిగాను.

"మూడ్రోజులు మాట్లాడలేదండి."