ఆ రిజెక్షన్ మెయిల్ మీ గురించి ఎంత చెబుతుంది?

"మీ ఆసక్తికి ధన్యవాదాలు. అర్హులైన అభ్యర్థులు ఎందరో దరఖాస్తు చేశారు. ఈసారి మిమ్మల్ని ఎంపిక చేయలేకపోయినందుకు చింతిస్తున్నాం. మీ రెజ్యూమే మా దగ్గర భద్రపరుస్తాం." ఇంగ్లిషులో వచ్చే ఈ నాలుగు ముక్కల్ని హన్మకొండ హాస్టల్ గదుల్లో పిల్లలు తిరగేసి మరగేసి చదువుతారు. 'ఈసారి' అన్నారంటే వచ్చేసారి తీసుకుంటారా? రెజ్యూమే ఉంచుకుంటామన్నారంటే నచ్చినట్టేనా?

అంతలో పక్క మంచం మీది దోస్తు ఫోన్ చూపిస్తాడు: "నాకూ గిదే వచ్చింది రా." రెండు ఫోన్లూ పక్కపక్కన పెడితే మారినవి పేరు, పోస్టు నంబరు మాత్రమే. కామా కూడా అటూ ఇటూ కాలేదు. రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో వందలమంది పేర్లకు ఒకేసారి టిక్ పెట్టి బటన్ నొక్కితే వెళ్లిన మెయిల్ అది.

ఇలాంటి కబురులో ఎంత సమాచారం ఉందో కొలిచే పద్ధతి 1948లోనే వచ్చింది. అమెరికాలో టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే గణితవేత్త క్లాడ్ షానన్ ఓ సంగతి తేల్చిచెప్పాడు: కబురు ఎంత అనూహ్యమైతే దానిలో అంత సమాచారం ఉన్నట్టు. దాని కొలత బిట్: నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా అన్నది చెప్పే కబురు ఒక బిట్. ఒక పోస్టుకు 200 మంది అప్లై చేశారనుకోండి. ఎవరికి వస్తుందో ముందుగా ఏమీ తెలియదు. అప్పుడు 'మీరు ఎంపికయ్యారు' అన్న కబురులో దాదాపు 7.6 బిట్లు ఉంటాయి. 'కాలేదు' అన్న కబురులో 0.007 బిట్లు. వెయ్యి రెట్ల తేడా! 200 మందిలో 199 మందికి రాబోయే కబురే కదా, అది కొత్తగా చెప్పేది దాదాపు ఏమీ లేదు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2024లో ఇచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌లో పోస్టులు 563, దరఖాస్తులు దాదాపు 4 లక్షలు. అక్కడైతే చింతిస్తున్నామనే మెయిల్ కూడా రాదు, జాబితాలో హాల్‌టికెట్ నంబరు ఉండదు, అంతే.

లెక్క ఇలా ఉన్నా మనసు ఊరుకోదు. 2003లో మనస్తత్వ పరిశోధకురాలు నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం కొందరిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, కంప్యూటర్‌లో బంతి విసురుకునే ఆట ఆడించింది. కాసేపయ్యాక మిగతా ఇద్దరు 'ఆటగాళ్లు' వీళ్లకు బంతి వేయడం మానేశారు. నిజానికి ఆ ఇద్దరూ కంప్యూటర్ ప్రోగ్రామే. అయినా శరీరానికి నొప్పి కలిగినప్పుడు చురుకయ్యే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడు కూడా చురుకైంది. ఆ భాగం ఇంకా చాలా పనుల్లో పాలుపంచుకుంటుంది కాబట్టి రెండు నొప్పులూ ఒకటేనని చెప్పలేమని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఆ వాదన సబబే. కానీ ముక్కూమొహం తెలియనివాళ్లు పక్కన పెట్టినా బాధ కలుగుతుందన్నది మాత్రం నిజం. మెయిల్ చూసి రెండు రోజులు అన్నం సయించని పిల్లను 'ఇంత సున్నితమైతే ఎట్ల' అని కోప్పడకండి.

మరి ఆ మర్యాద ఎందుకు? పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషా పరిశోధకులు ఇంగ్లిషునూ, మెక్సికోలోని త్సెల్తాల్ భాషనూ, మన పక్కనున్న తమిళాన్నీ పోల్చి చూశారు. ఎదుటివాళ్ల పరువుకు దెబ్బ తగిలే మాట చెప్పాల్సి వచ్చినప్పుడు మూడు భాషలవాళ్లూ దాన్ని మెత్తబరిచే మార్గాలే వెతుక్కున్నారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని లేచినట్టే ఇదీ. ఆ మాటతో పిల్లలో ఏ లోపం ఉందో ఎవరూ తేల్చరు. కారణం రాయకపోవడానికి చట్టం కూడా ఒక కారణం. అమెరికాలో 1964 పౌర హక్కుల చట్టం ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. రాసిచ్చిన ప్రతి కారణమూ రేపు కోర్టులో సాక్ష్యం కావచ్చని కంపెనీలు జాగ్రత్తపడతాయి.

ఈ నున్నటి మర్యాద వెనుక అన్యాయం కూడా దాక్కోగలదు. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, సమాజ శాస్త్రవేత్త పాల్ అటెవెల్ మన దేశంలో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. పత్రికల్లో పడిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి, దాదాపు 4,800 దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేర్లకు మూడింట ఒక వంతు. ఏ ఒక్క జవాబు చదివినా ఇది కనిపించదు. వేల దరఖాస్తులను పోల్చితేనే బయటపడింది.

మీ విషయంలోనూ అంతే, ఒక్క మెయిల్‌ను పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. ఎక్కడ ఆగిపోయిందన్నది చూడండి. చివరి ముగ్గురిలో ఉండి తప్పిపోతే ఆ కబురులో 0.58 బిట్లు ఉంటాయి, మొదటి వడపోతలో పోయినదానికి దాదాపు 80 రెట్లు. వరుసగా మొదట్లోనే ఆగుతుంటే రెజ్యూమేనో, మీరు ఎంచుకునే పోస్టులనో, తెలిసినవాళ్ల రిఫరల్ లేకపోవడాన్నో అనుమానించాలి. ప్రతిసారీ టెక్నికల్ రౌండ్ దాటి హెచ్‌ఆర్ దగ్గర ఆగుతుంటే కోడింగ్ మళ్లీ మొదలుపెట్టి లాభం లేదు, మాక్ ఇంటర్వ్యూలు చేయాలి.

అచ్చులో పోసినట్టు లేని వాక్యం ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ స్వయంగా మీ ప్రాజెక్టు పేరెత్తి, "జూన్‌లో ఇంకో పోస్టు పడుతుంది, అప్పుడు నాకు రాయండి" అంటే అది పక్క మంచం దోస్తుకు వెళ్లని వాక్యం. దానికి ఆ రోజే జవాబివ్వండి, జూన్ మొదటి వారానికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.