వుడ్‌స్టాక్: మైకుసెట్టు పక్కన నిలబడి చూస్తే

ఆరుబయలు సభలకు మైకులు, స్పీకర్లు అమర్చడం నా వృత్తి. కచేరీల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు వుడ్‌స్టాక్ పేరెత్తుతారు, అదే, 1969లో అమెరికాలో జరిగిన ఆరుబయలు సంగీత ఉత్సవం. వెంటే నాలుగు కట్టుకథలూ వస్తాయి.

అపోహ: ఆ ఉత్సవం వుడ్‌స్టాక్‌లో జరిగింది.

వాస్తవం: పేరు మాత్రమే ఆ పట్టణానిది. ఉత్సవం జరిగింది అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల దూరాన, న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్‌లో, మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో.

అపోహ: ఆదర్శం కోసం ఉచితంగా పెట్టారు.

వాస్తవం: మూడు రోజులకు ముందస్తు టికెట్ 18 డాలర్లు. దాదాపు 1,86,000 టికెట్లు ముందే అమ్ముడయ్యాయి. అయితే మొదట అనుకున్న వాల్‌కిల్ ఊరు 1969 జులైలో అనుమతి లేదు పొమ్మంది. ఆగస్టు 15కు మిగిలింది నెల రోజులే. కంచె వేయాలా, వేదిక కట్టాలా అన్న చోట వేదికకే ఓటు పడింది. నాలుగు లక్షల మందికి పైగా వచ్చి కూర్చున్నాక టికెట్ అడిగేదెవరు? నిర్వాహకులు అప్పుల్లో మునిగారు. 1970లో విడుదలైన డాక్యుమెంటరీ, పాటల రికార్డులు రాకపోయి ఉంటే గట్టెక్కేవారు కాదు.

అపోహ: అంత జనంలో ఎవరికీ ఏమీ వినిపించలేదు.

వాస్తవం: ఇక్కడ మా వాడి పేరు చెప్పకుండా ఉండలేను, ఆ ఉత్సవానికి మైకులు, స్పీకర్లు అమర్చిన బిల్ హాన్లీ. పొలం వేదిక వైపు గిన్నెలా వాలి ఉండటం అతనికి కలిసొచ్చింది. స్పీకర్లను నేల మీద పెడితే ముందు వరుసల వారి ఒళ్లే శబ్దాన్ని, ముఖ్యంగా సన్నని స్వరాలను, మింగేస్తాయి. అందుకే ఎత్తైన గోపురాల మీదికి ఎక్కించి తలల మీదుగా పంపాడు. నాలుగేళ్ల ముందు, 1965లో, షే స్టేడియంలో బీటిల్స్ పాడితే అభిమానుల కేకలే తప్ప పాట సరిగా వినబడలేదు. ఆ రెండింటి మధ్య దూరమే మా వృత్తి చరిత్ర. అలాగని అంతా సవ్యంగా సాగిందనుకోకండి. వాన పడింది, ఎర్తింగ్ సరిగా లేదు, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందానికి వాద్యాలు ముట్టుకుంటే షాక్ కొట్టింది. నేనైతే ఆ క్షణమే మెయిన్ ఆపేసి, తర్వాత ఎవరి తిట్లయినా తినేవాణ్ని.

అపోహ: జిమీ హెండ్రిక్స్ గిటారును లక్షల మంది విన్నారు.

వాస్తవం: కార్యక్రమం ఆలస్యమవుతూ, చివరిదైన అతని వంతు సోమవారం ఉదయానికి జారింది. అప్పటికి ఎక్కువ మంది ఇంటిదారి పట్టారు. మనం చూసేది కెమెరా చూసినదే.

అపోహ: కళాకారులందరికీ అదొక పండుగ.

వాస్తవం: రవిశంకర్‌ను అడిగి ఉండాల్సింది. శుక్రవారం రాత్రి వానలో, తబలాపై అల్లా రఖా తోడుగా వాయించారాయన. బురదలో మునిగిన ఆ జనం తనకు మన ఊళ్ల గేదెలను గుర్తుకు తెచ్చారని తర్వాత చెప్పుకున్నారు. తడిస్తే సితార్ తీగ శ్రుతి నిలుస్తుందా?

ఇక గాయకుడు బాబ్ డిలన్ అక్కడ పాడారనే వారికి ఒకటే మాట: పాడలేదు. ఆ నెలాఖరున ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్‌లో పాడారు.

2018లో బింగమ్టన్ విశ్వవిద్యాలయ పురావస్తు బృందం ఆ వాలును తవ్వి, వేదిక సరిగ్గా ఎక్కడుండేదో వెతికింది. ఆ వార్త చదివినప్పుడు, సభ మర్నాడు మా కుర్రాళ్లు స్టేజీ విప్పేశాక మైదానంలో మిగిలే గుంజల గుంటలు కళ్ల ముందు కదిలాయి.