వెండి పాండా: బొమ్మ నిలిచింది, లెక్క తప్పింది

వెండి ధర మండిపోవడంతో జంతువుల బొమ్మలున్న నాణేల మీద పాత తగాదా మళ్లీ రాజుకుంది. 2025 అక్టోబరులో అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు వెండి 50 డాలర్లు దాటింది. 1980 జనవరిలో ఒకసారి, 2011 ఏప్రిల్‌లో మరోసారి ఆ గీత దాకా వచ్చి వెనుదిరిగిన ధర ఇది. ఈసారి గీత దాటేసరికి, ఇన్నాళ్లూ బొమ్మను చూసి కొన్నవారి ముందు ఒక ప్రశ్న నిలిచింది. పాండా, కూకబుర్రా పక్షి, తోడేలు ఉన్న నాణేన్ని ఇప్పుడు అమ్మితే వెండికి మాత్రమే డబ్బు వస్తుందా, బొమ్మకు కూడా వస్తుందా?

వ్యాపారుల జవాబు సూటిగా ఉంటుంది. వెండి వెండే, తూచి కొంటాం, తూచి అమ్ముతాం అంటారు. సేకర్తలు దీన్ని ఒప్పుకోరు. ఒకే సంవత్సరానికి చెందిన బొమ్మ, పరిమిత సంఖ్య అని చెప్పి అమ్మారు కాబట్టే వెండి ధర మీద అదనంగా చెల్లించామని, ఆ అదనాన్ని ఇప్పుడు లేనట్టు చూడటం అన్యాయమని వారి వాదన. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఈ పరిస్థితి ఎక్కడ మొదలైందో చూస్తే, సేకర్తల ఫిర్యాదుకు ఎక్కువ బలం కనిపిస్తుంది. అందుకు చైనా వెండి పాండా కథే సాక్ష్యం. ఇలాంటి నాణేల్లో అందరికంటే ఎక్కువ ప్రేమను పొందిందీ, అందరికంటే ఎక్కువ తగాదాలు తెచ్చిందీ అదే.

పాండా నాణేల పుట్టుక సేకర్తలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1982లో బంగారం, 1983లో వెండి, ఒకవైపు బీజింగ్‌లోని స్వర్గ దేవాలయం, రెండో వైపు పాండా. 1983, 84, 85 సంవత్సరాల్లో వెండి నాణేలు ఏడాదికి 10,000 చొప్పునే వచ్చాయి. వాటి బరువు 27 గ్రాములు, స్వచ్ఛత 90 శాతం. 1989 నుంచి 99.9 శాతం స్వచ్ఛతతో ఔన్సు వెండి పాండా పెట్టుబడి నాణెంగా మార్కెట్లోకి వచ్చింది. ఇక్కడి నుంచి నేరుగా 2011కి రావాలి.

2000ల దశాబ్దంలో ఎక్కువ కాలం వెండి పాండా సంఖ్య ఏడాదికి 6 లక్షల దగ్గర ఆగి ఉంది. 2009లోనూ అంతే. ప్రపంచమంతటా ఉన్న సేకర్తలకు 6 లక్షలు పెద్ద సంఖ్యేమీ కాదు. దొరుకుతుంది, కానీ ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు. 2010లో అది 15 లక్షలైంది. సేకర్తలు కొంత గొణిగారు, అయినా కొన్నారు. ఆ ఏడాదంతా వెండి ధర పెరుగుతూనే ఉంది కాబట్టి గొణుగుడు పెద్దగా వినిపించలేదు. 2011 నాణెం మీద తల్లి పాండా, పిల్ల పాండా ఉన్నాయి. సేకర్తలు ఎంతో ఇష్టపడిన బొమ్మల్లో అదొకటి. దాని గరిష్ఠ సంఖ్యను మొదట 30 లక్షలుగా ప్రకటించారు. ఆ ఏడాది సాగుతుండగానే దాన్ని 60 లక్షలకు పెంచారు. 2012కి 80 లక్షలు. ఆ తర్వాతి ఏళ్లలో కోటి.

రెండేళ్లలో 6 లక్షలు 60 లక్షలయ్యాయి. ఇవాళ్టి తగాదా మొత్తానికి మూలం ఇదేనని నా అభిప్రాయం. సంఖ్య పెంచడం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. వచ్చే ఏడాది ఎక్కువ అచ్చు వేస్తామని ముందే చెబితే, కొనాలో వద్దో ఎవరికి వారు తేల్చుకుంటారు. కానీ 30 లక్షలు అన్న మాటను నమ్మి, ఆ మాటకు తగిన ధర కట్టి, నాణేన్ని ఇంటికి తెచ్చుకున్నాక ఆ మాట మారింది. అమ్మకం జరిగిపోయాక సరుకు స్వభావమే మారిపోయినట్టయింది. నాణెంలో వెండి తగ్గలేదు, బొమ్మ చెరగలేదు. తగ్గింది అరుదుదనం. వెండి ధర మీద కొన్నవాడు అదనంగా కట్టింది ఆ అరుదుదనం కోసమే.

చైనా అధికారుల వైపు కారణాలు లేకపోలేదు. 2011లో ప్రపంచమంతా వెండి నాణేల కోసం ఎగబడింది. ఆ ఒక్క ఏడాది అమెరికా టంకశాల దాదాపు 4 కోట్ల వెండి ఈగిల్ నాణేలు అమ్మింది. చైనాలోనూ మధ్యతరగతి కొనుగోళ్లు పెరిగాయి. తక్కువగా ముద్రిస్తే లాభమంతా మధ్యవర్తులు మింగేస్తారు, ఎక్కువగా ముద్రిస్తే మామూలు మనిషికీ అందుతుంది. ఈ వాదన కొట్టిపారేసేది కాదు. కానీ ఈగిల్‌కు ఎప్పుడూ సంఖ్య పరిమితి చెప్పలేదు, 2021 దాకా బొమ్మా మారలేదు. అది తూకం సరుకుగానే పుట్టింది, అలాగే అమ్ముడైంది. పాండాను పరిమితి చెప్పి అమ్మారు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

ఇక్కడ పదేళ్లు వెనక్కి వెళ్లాలి. సంఖ్య విషయంలో ఓడిన సేకర్తలు అంతకుముందు ఒక పోరులో గెలిచారు. 2001లో పాండా బొమ్మను ఇక మార్చకూడదని నిర్ణయించారు. వెదురు తోపులో నడుస్తున్న పాండా బొమ్మే 2001లోనూ 2002లోనూ వచ్చింది. అమెరికా, కెనడాల పెట్టుబడి నాణేల్లా ఒకే రూపం ఉంటే గుర్తుపట్టడం తేలిక, అచ్చుల ఖర్చు తక్కువ. లెక్కల పుస్తకంలో అది తెలివైన నిర్ణయమే. సేకర్తలు మాత్రం గట్టిగా ఎదురు తిరిగారు. ఏటా కొత్త పాండా రాకపోతే ఏటా కొనడానికి కారణమేమిటన్నది వారి ప్రశ్న. 2003 నాణెం కొత్త బొమ్మతో వచ్చింది. ఆనాటి నుంచి ఏటా బొమ్మ మారుతూనే ఉంది.

ఆ గెలుపు చిన్నది కాదు. ఈ నాణేన్ని కొనేవాడు బొమ్మ కోసమే కొంటున్నాడని నాణెం విడుదల చేసే చైనా కేంద్ర బ్యాంకు, దాన్ని అమ్మే చైనా గోల్డ్ కాయిన్ సంస్థ ఒప్పుకున్నట్టే అయింది. అందుకే 2011 దెబ్బ మరింత గట్టిగా తగిలింది. బొమ్మ మీద మాట నిలబెట్టుకుని సంఖ్య మీద మాట మార్చారు. ఏటా మారే బొమ్మకు విలువ వచ్చేది దాని వెనుక నిలకడైన సంఖ్య ఉన్నప్పుడే. 2003లో గెలిచినదానిలో సగం 2011లో చేజారింది.

సరిగ్గా అదే ఏడాది కెనడా టంకశాల ఏం చేసిందో చూస్తే తేడా స్పష్టమవుతుంది. 2011లో తోడేలు నాణెంతో అది ఒక వన్యప్రాణి వరుస మొదలుపెట్టింది. ఔన్సు బరువు, 99.99 శాతం స్వచ్ఛత, 5 డాలర్ల ముఖవిలువ. ఆరు జంతువులు, మూడేళ్లు, ఒక్కొక్కటి 10 లక్షలు. తోడేలు తర్వాత గ్రిజ్లీ ఎలుగు, 2012లో కూగర్, మూస్, 2013లో ప్రాంగ్‌హార్న్, బైసన్ వచ్చాయి. అంతటితో వరుస ముగిసింది. 2011లో వెండి కోసం కెనడాలోనూ జనం ఎగబడ్డారు. అయినా తోడేలును 20 లక్షలు చేయలేదు. ఆ వరుసలో తోడేలుకు మిగతావాటికంటే ఎక్కువ ధర పలుకుతుండటానికి వరుసలో అది మొదటిది కావడం ఒక కారణం. చెప్పిన మాట మారకపోవడం ఇంకో కారణం. ఆస్ట్రేలియాలో పెర్త్ టంకశాల 1990 నుంచి తెస్తున్న కూకబుర్రా నాణెం మీదా ఏటా కొత్త బొమ్మే ఉంటుంది. మన లకుముకి పిట్టకు దగ్గరి చుట్టమైన ఆ పక్షి ఇన్నేళ్లుగా సేకర్తల అభిమానాన్ని నిలుపుకుంది.

2011 తర్వాత పాండాకు ఇంకో రెండు మార్పులు వచ్చాయి. రెండూ ఇవాళ్టి బేరాల్లో పదేపదే ముందుకు వస్తున్నాయి. 2015 నాణెం మీద లోహం పేరు, బరువు, స్వచ్ఛత ఏవీ లేవు. బొమ్మకు చోటు పెరిగి నాణెం అందంగా కనిపించింది నిజమే. కానీ నాణేలతో పరిచయం లేని వెండి దుకాణంలో దాన్ని బల్ల మీద పెట్టండి. ఇందులో వెండి ఎంత అని అడిగితే నాణెం జవాబు చెప్పదు. ఆ ఏడాది నాణేన్ని అమ్మబోయినవారు పడే ఇబ్బంది ఇదే. 2016లో ఆ వివరాలు తిరిగి వచ్చాయి, కానీ ఈసారి ఔన్సు పోయి 30 గ్రాములు వచ్చింది. విలువైన లోహాలను తూచే ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాములు. 10 యువాన్ల ముఖవిలువ అలాగే ఉంది, వెండి మాత్రం మూడున్నర శాతం తగ్గింది.

చైనాలో తూకమంతా గ్రాముల్లోనే ఉంటుంది కాబట్టి ఈ మార్పు అక్కడివారికి సహజం. వెండి చవగ్గా ఉన్న రోజుల్లో గ్రామున్నర కూడా లేని తేడాను ఎవరూ పట్టించుకోలేదు. 50 డాలర్ల దగ్గర అదే తేడా నాణేనికి ఒకటిన్నర డాలర్లు దాటుతుంది. వంద నాణేలు ఉన్నవాడికి అది మూడున్నర ఔన్సుల వెండి. ఔన్సు నాణేల పక్కన 30 గ్రాముల పాండాను పెట్టి నాణెం లెక్కన ధర పోల్చే అమ్మకాలను చూసినప్పుడు గ్రాము ధర ఎంతో లెక్క వేసుకోవడం కొనేవాడి బాధ్యత అయిపోయింది. తెలిసినవాడు వేసుకుంటాడు. పిల్లవాడి పుట్టినరోజుకు ముచ్చటపడి ఒకటి కొనే తల్లిదండ్రుల సంగతేమిటి?

ధర పెరిగినప్పుడు బొమ్మ విలువ ఎందుకు కనబడకుండా పోతుందో చూద్దాం. ఔన్సు వెండి 15 డాలర్లు ఉన్నప్పుడు నాణేన్ని 25కి కొన్నారనుకుంటే, అందులో 10 డాలర్లు బొమ్మవి. వెండి 50కి చేరాక అదే నాణెం 52కి అమ్ముడైతే మనిషి నష్టపోలేదు, కానీ బొమ్మ వాటా రెండు డాలర్లకు కుంగింది. 60 లక్షలు, 80 లక్షలు అచ్చయిన సంవత్సరాలకు జరిగేది ఇది. 10,000 మాత్రమే వచ్చిన 1983 నాణెం వెండి ధరతో సంబంధం లేకుండా తన దారిన తాను పోతుంది. వెండి ఎంత పెరిగినా దాన్ని కరిగించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మధ్యలో ఉన్న నాణేలే చిక్కులో పడ్డాయి. కరిగించడానికి మనసొప్పదు, దాచడానికి కారణం చూపలేం. 2011 నాటి తల్లీపిల్లల బొమ్మ ఆ చిక్కులోనే ఉంది. అంత అందమైన నాణెం కొలిమి దాకా వెళ్లే స్థితికి రావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

తెలుగువారి వైపు నుంచి ఈ తగాదాకు ఇంకో కోణం ఉంది. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న మనవాళ్లు వెళ్లిన చోట ఇలాంటి నాణేలు కొని దాస్తున్నారు, ఇంటికి కానుకలుగా తెస్తున్నారు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్లోనో ప్రొద్దుటూరులోనో వాటిని అమ్మబోతే ముందు అడిగేది తూకం, తర్వాత స్వచ్ఛత. బొమ్మ సంగతి ఎత్తేవారు తక్కువ. ఇందులో దుకాణదారుడి తప్పు లేదు, ఆయన వ్యాపారం లోహంతో. బొమ్మకు ధర కట్టే మనిషి నాణేల ప్రదర్శనల్లో, వేలాల్లో దొరుకుతాడు. 2025 దీపావళి ముందు మన దేశంలో వెండికి కొరత వచ్చి, కొన్ని మ్యూచువల్ ఫండ్ సంస్థలు తమ వెండి పథకాల్లోకి ఒకేసారి పెద్ద మొత్తాలు తీసుకోవడం తాత్కాలికంగా ఆపాయి. అలాంటి వేడిలో తూకానికి అమ్మేసినవారు ఏ సంవత్సరపు నాణెం ఇచ్చేశారో ఒకసారి చూసుకుని ఉంటే బాగుండేది.

మన ప్రభుత్వమూ వన్యప్రాణులను నాణేల మీదికి తెచ్చింది. 1988 నుంచి వచ్చిన 25 పైసల స్టీలు నాణెం మీది ఖడ్గమృగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2011 జూన్ 30 నుంచి ఆ నాణెం చెల్లుబాటు ఆగిపోయింది. పులుల సంరక్షణ పథకానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2023 ఏప్రిల్‌లో మైసూరులో 50 రూపాయల స్మారక నాణెం విడుదలైంది. స్మారక నాణేలను మన టంకశాలలు బుకింగ్ పద్ధతిలో అమ్ముతాయి. కొనేవారికి సంఖ్య ఎంతన్నది ఇక్కడా ముఖ్యమే. అందుకే పాండా విషయంలో జరిగింది మన సేకర్తలకు పరాయి కథ కాదు.

నకిలీల బెడద కూడా ధరతోపాటే పెరుగుతుంది. వెండి పూత పూసిన పాండాలు ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. ఔన్సు పాండా వ్యాసం 40 మిల్లీమీటర్లు, 30 గ్రాములదీ అంతే. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములు కాబట్టి రాగి లాంటి చవక లోహంతో అదే వ్యాసం, అదే మందంతో చేస్తే బరువు తగ్గుతుంది, బరువు సరిచేయబోతే మందం పెరుగుతుంది. చిన్న త్రాసు, వెర్నియర్ కాలిపర్ ఉంటే చాలా నకిలీలు అక్కడే దొరికిపోతాయి. ఒక సంవత్సరపు బొమ్మకు ఇంకో సంవత్సరం అంకె వేసిన నకిలీలు ఇంకా తేలిక. ఏటా మారే బొమ్మలను గుర్తుపెట్టుకున్న సేకర్త వాటిని చూడగానే పట్టేస్తాడు. 2003లో బొమ్మ మార్పును సాధించుకున్నవారికి ఆ రోజు తెలిసి ఉండకపోవచ్చు గానీ, ఆ పట్టుదల ఇవాళ నకిలీల మీద కూడా పనికొస్తోంది.

ఇక బేరాల విషయానికి వస్తే, వెండి పాండాను ఒకే సరుకుగా చూడటం మానాలని సేకర్తలు అడుగుతున్నారు. 2009 వరకు వచ్చినవి ఒక లెక్క. 2011 నుంచి 2015 వరకు, ఔన్సు బరువుతో లక్షల్లో వచ్చినవి మరో లెక్క. 2016 నుంచి 30 గ్రాములవి ఇంకో లెక్క. వ్యాపారుల్లోనూ కొందరు మొదటి వర్గాన్ని విడిగా చూడటానికి ఒప్పుకుంటున్నారు. పేచీ అంతా 2010 దగ్గరే ఆగింది. 15 లక్షలు ఎక్కువా తక్కువా? అంతకుముందు సంవత్సరాలతో పోల్చే సేకర్తకు అది ఎక్కువ, ఆ తర్వాత వచ్చినవాటితో పోల్చే సేకర్తకు అది తక్కువ. నేనైతే దాన్ని మొదటి వర్గంలోనే ఉంచుతాను, ఎందుకంటే 15 లక్షలు 60 లక్షల కంటే 6 లక్షలకే దగ్గర.