ప్చ్ అనే హల్లు వెనక ఉన్న కథ

జాలేస్తే మనం "ప్చ్" అంటాం కదా, నిజానికి అందులో పకారం ఏమీ ఉండదు, నాలుక కొసని పళ్ల వెనక అంటించి లాగేస్తాం అంతే. పులిహోర బావుంటే లొట్టలేస్తాం. ఎద్దుల్ని అదిలించడానికి నాలుక పక్కనుంచి ఇంకోరకం చప్పుడు చేస్తాం. మనకి ఇవన్నీ ఉట్టి చప్పుళ్లు, మాటల్లోకి రావు. దక్షిణాఫ్రికాలో ఖోసా, జులూ మాట్లాడేవాళ్లకి మాత్రం ఇవి మన క, చ, ట లాగా హల్లులే. రాతలో ప్చ్‌కి సి, లొట్టకి క్యూ, ఎద్దుల చప్పుడుకి ఎక్స్. ఖోసా అన్న పేరు మొదలయ్యేదే ఆ ఎక్స్‌తో, అంటే నేను "ఖోసా" అని రాయడమే తప్పు, కానీ మన దగ్గర అక్షరం లేదు మరి.

నాలుక ముందూ వెనకా రెండు చోట్ల అంగిటికి అతుక్కుంటే మధ్యలో గాలి చిక్కుకుంటుంది, నాలుకని కొంచెం కిందకి లాగి ముందు భాగం వదిలితే బయటి గాలి లోపలికొచ్చి టక్‌మంటుంది. ఊపిరితో పనే లేదు, కావాలంటే అదే టైమ్‌లో ముక్కుతో మూలగొచ్చు కూడా.

అసలు ఖోసా, జులూలవి ఈ శబ్దాలు కావు. అవి బంటూ అనే పెద్ద ఆఫ్రికా భాషా కుటుంబంలోవి, బంటూ భాషల్లో చాలావాటికి క్లిక్కులు (ఈ టక్కుమనే హల్లుల్ని అలా అంటారు) లేవు. వీళ్లు దక్షిణానికి వచ్చినప్పుడు అక్కడ ముందునుంచీ ఉన్న ఖోయ్ పశువుల కాపరులతో, సాన్ వేటగాళ్లతో కలిసి బతికారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, శబ్దాలు అలా వచ్చాయి. ఇంకో కారణం కూడా చెప్తారు, హ్లోనిఫా అనే ఆచారం: కోడలు మామగారి పేరే కాదు, ఆ పేరులో ఉన్న అక్షరాలు వచ్చే మామూలు మాటలు కూడా పలకకూడదు, అప్పుడు ఆ అక్షరం తీసేసి దాని చోట ఓ క్లిక్ పెట్టేవాళ్లట. తాతయ్య పేరు చచ్చినా పలకని అమ్మమ్మలున్న మనకి ఇదేం వింత కాదు.

ఈ శబ్దాలు అప్పిచ్చిన ఖోయ్, సాన్‌ల గతే బాలేదు. 1652లో డచ్చివాళ్లు ఆఫ్రికా దక్షిణ కొసలోని కేప్‌లో దిగారు, ఈ మాటలు వాళ్లకి నత్తిలా వినిపించాయి, 'హాటెన్‌టాట్' అని ఎగతాళి పేరు పెట్టారు. 1713లో మశూచి వచ్చి ఖోయ్ జనం కుప్పలుగా పోయారు, మిగిలినవాళ్ల భూములూ పోయాయి, తర్వాత పొలాల్లో కూలీలుగా యజమానుల భాషే నోటికొచ్చింది.

1870లలో కేప్‌టౌన్‌లో విల్‌హెల్మ్ బ్లీక్ అనే జర్మన్, ఆయన భార్యకి అక్క లూసీ లాయిడ్ ఒక పని చేశారు. ఎక్కువగా పశువుల దొంగతనం కేసుల్లో జైల్లో పడ్డ ఖామ్ భాషవాళ్లని (ఇది సాన్‌ల భాషల్లో ఒకటి, దీనికీ ముందు క్లిక్కుంది) తమ ఇంట్లో పెట్టుకుని కథలు చెప్పించుకుని రాసుకున్నారు. వాళ్లలో కాబ్బో అనే పెద్దాయన ఒకరు, ఆ పేరుకి కల అని అర్థం. బ్లీక్ 1875లో పోయినా లాయిడ్ ఆపలేదు, నోటు పుస్తకాలు 12 వేల పేజీలు దాటాయి. ఈ క్రెడిట్ ఎక్కువగా బ్లీక్‌కే పోతుంది గానీ సగానికి పైగా చాకిరీ ఆవిడదే.

2000లో దక్షిణాఫ్రికా కొత్త రాజచిహ్నం మీద నినాదం ఖామ్‌లోనే పెట్టారు, వేరువేరు జనాలు ఒకటవ్వాలని దాని భావం. అప్పటికి ఆ భాష మాట్లాడేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు, ఆ నోటు పుస్తకాలు చూసుకునే రాసుకున్నారు.