మార్కులివ్వని పరీక్ష ఎందుకండీ?

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా గవర్నమెంటు బళ్లలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, మా పాలకొల్లు వైపు ఓ బడికి మా పక్కింటావిడతో పాటు నేనూ వెళ్లాను. వాళ్లబ్బాయి మూడో తరగతి. మూడ్రోజుల ముందు, నాలుగో తారీకున, పరఖ్ అని ఢిల్లీ వాళ్ల సర్వే పరీక్ష రాశాడు. "దాంట్లో మావాడికెన్ని వచ్చాయండీ?" అందావిడ. దానికి మార్కులివ్వరమ్మా అన్నారు మాస్టారు. "మార్కులివ్వని పరీక్ష ఎందుకండీ మరి?"

నవ్వేశాం గానీ ఆ ప్రశ్న వెనకాల చాలా కథుంది, అందులో మొదటి భాగం మన డెల్టాలోనే జరిగింది.

వీధిబడి రోజుల్లో మార్కుల్లేవు. ఇసకలో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు వల్లెవేయడం, దసరాకి పంతులుగారు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ వచ్చి పద్యాలు చదివించడం, పిల్లలకి పప్పుబెల్లాలు, ఆయనకి మామూలు. కొడుక్కి ఏమొచ్చో అమ్మ గుమ్మంలో నిలబడి చెవులారా వినేది, నాకైతే అసలు పేరెంట్స్ మీటింగ్ అంటే అదే అనిపిస్తుంది. (అన్ని కులాల పిల్లల్నీ ఆ అరుగెక్కనిచ్చేవారా అంటే, లేదు.)

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, నీళ్లొచ్చాయి, పంటలొచ్చాయి. అప్పుడే నరసాపురం సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బళ్లు పెట్టించాడు, తర్వాత ఊళ్లలోనూ వచ్చాయి, ఖర్చుకి రైతులు శిస్తు మీద కొంత పన్ను అదనంగా కట్టారు. రేట్ స్కూల్స్ అంటారు వాటిని. రైతులు ఎంత ఇష్టంగా ఒప్పుకున్నారో, దొర అడిగితే కాదనలేక ఒప్పుకున్నారో గానీ, బడి మాత్రం ఊరి డబ్బుతో నడిచింది. ఆ పన్నుకి చట్టం కావాలనే 1863లో మద్రాసు ఎడ్యుకేషన్ యాక్ట్ తెచ్చారు.

ఆ వెనకే 1860ల్లోనే ఇంకోటి దిగింది. ఇంగ్లండులో 1862లో మొదలెట్టిన పద్ధతి, ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని చదవమంటాడు, రాయమంటాడు, లెక్క చేయమంటాడు, ఎంతమంది పాసైతే బడికి అంత గ్రాంటు. చూడండి, పరీక్ష బడికే, పిల్లోడికి కాదు. కానీ మాస్టారి కూడు ఆ ఒక్కరోజు మీద ఆధారపడితే ఏమవుతుంది, బట్టీ పట్టించడమే అవుతుంది, అయింది కూడా.

తర్వాతంతా మీకు తెలిసిందే, ఏడో తరగతి కామన్ పరీక్షలు, టెన్త్ పబ్లిక్, ఎంసెట్, హాస్టళ్లు, పొలం మీద అప్పు చేసి మరీ ఇంటర్ ఫీజులు. 2010 ఏప్రిల్‌లో విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చి ఎనిమిది దాకా ఫెయిల్ చేయకూడదు అంది, మా వీధిలో పెద్దాళ్లైతే "ఇంకేం చదువుతారు" అన్నారు. ర్యాంకుల గోల తగ్గాలని 2012లో టెన్త్‌కి గ్రేడ్లు పెడితే, 10కి 10 పాయింట్లంటూ ఫ్లెక్సీలు లేచాయి. మార్కులు మళ్లీ వచ్చేశాయి. కోవిడ్‌కి రెండేళ్లు పరీక్షలే లేవు, 2022లో రాస్తే పాసైంది 67.26 శాతం. అప్పుడు తిట్లన్నీ పిల్లలకీ తల్లులకీ పడ్డాయి, రెండేళ్లు బడి సరిగా నడవని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక పరఖ్ పరీక్షకొస్తే, అన్ని బళ్లకీ పెట్టరు, 3, 6, 9 తరగతుల్లో కొన్ని బళ్లు, అందులో కొంతమంది పిల్లలు. జిల్లాకి, రాష్ట్రానికి లెక్క తీస్తారు, ఏ పిల్లాడికీ విడిగా మార్కులుండవు. అంటే అడిగేది మళ్లీ బడినే.

మాస్టారు ఇదంతా ఓపిగ్గానే చెప్పారు. ఆవిడ విని, "అయితే మా బడికెన్ని వచ్చాయండీ?" అంది. మాస్టారు నా వైపు చూశారు, బడి వారీగా కూడా చెప్పరు మరి.